డామినో ఆట – కథ చెప్పు ధర్మము



గడచిన దసరా సెలవులలో నా మనుమడు పట్టణమునుండి మా బోరంచకు వచ్చుచు ఒక చిన్న కొయ్యపెట్టెను వెంట తెచ్చెను. మూత తీసి చూడగా దానిలో వ్రేలెడు పొడవు, అందులో సగము వెడల్పు గల నల్లని బిళ్ళలు 28 పేర్చియున్నవి. ఒక్కొక్క బిళ్ళకు నడుమ ఒక గీత; ఆ గీతకు ఇరువైపుల తెల్లని చుక్కలు. “తాతా, ఇది డామినో ఆట. నేర్పుదునా?” అని వాడడిగెను. 35 సంవత్సరములు ఇతరులకు నేర్పుచు, తాను నేర్చుకొనుట మరచిన ఉపాధ్యాయుడను నేను. నవ్వు వచ్చినది, అయినను కూర్చుంటిని.

సాయంకాలము మా అరుగుమీద చేరు పెద్దలును వచ్చిరి. వారు చిన్ననాట పులిజూదము, పచ్చీసు ఆడి పేరు మోసినవారు. వారిలో ఒకరికి చూపు మందగించినది. ఆయన ఒక బిళ్ళను చేతికి తీసికొని వ్రేలితో తడవి, “చుక్కలు గుంటలుగా చెక్కినారు. నాకు కన్నులతో పనిలేదు పంతులూ, పంచు” అనిరి. ఆ రాత్రి చాల ప్రొద్దుపోవువరకు ఆడితిమి. ఆటకంటె ఆటలోని నియమములు నా మనస్సును పట్టుకొన్నవి. ఈ బిళ్ళలు పేర్చుటకును, మన పెద్దలు కథ చెప్పుటకును, చరిత్ర వ్రాయుటకును ధర్మ మొక్కటియే యని నాకు తోచినది. ఆ సంగతినే నేడు మీకు మనవి చేయుదును.

ముందుగా ఆట స్వరూపము చెప్పెదను. ఇద్దరాడునపుడు బిళ్ళలను బోర్లించి కలిపి, చెరి యేడు తీసికొందురు. మిగిలినవి ప్రక్కన కుప్పగా నుండును. మొదటివాడొక బిళ్ళ పెట్టును. దానికి ఒకవైపు మూడు చుక్కలు, మరియొకవైపు అయిదు చుక్కలు ఉన్నవనుకొనుడు. రెండవవాడు మూడుగల బిళ్ళను మూటి ప్రక్కను గాని, అయిదుగల బిళ్ళను అయిదింటి ప్రక్కను గాని చేర్చవలెను. అట్టి బిళ్ళ చేత లేనిచో కుప్పనుండి తీసికొనవలెను. కుప్పయు తరిగిపోయినచో “నాచేత లేదు” అని చెప్పి వంతు వదలుకొనవలెను. తనచేతి బిళ్ళలన్నిటిని ముందుగా పెట్టివేసినవాడు గెలుచును. నియమము లింతే.

ఈ బిళ్ళలకు తల్లి పాచిక. మొహెంజొదారో త్రవ్వకములలో ఆరు ముఖముల పాచికలు దొరికినవి. అవి నాలుగు వేల యేండ్లకు పూర్వపువి. ఋగ్వేదము పదియవ మండలములో జూదరి పడిన పశ్చాత్తాపమే ఒక సూక్తమైనది. చీనా దేశస్థులు రెండు పాచికలు వేసినపుడు పడగల పందెములన్నిటిని బిళ్ళలుగా చెక్కిరి. రెండు పాచికలకు పడగల పందెములు 21. వానిలో పదునొకండింటికి జోడు బిళ్ళలు చేర్చి 32 చేసికొనిరి. 18వ శతాబ్దిలో ఇటలీ దేశమున, వెనీసు, నేపుల్సు నగరములలో ఈ ఆట కనబడును. అక్కడినుండి ఫ్రాన్సునకు, ఆ శతాబ్దము ముగియునప్పటికి ఇంగ్లండునకు ప్రాకినది. ఐరోపావారి లెక్క వేరు. వారు జోడు బిళ్ళలను విడిచి, ఆ 21 పందెములకు చుక్కలులేని ప్రక్కగల బిళ్ళలు ఏడు చేర్చి 28 చేసిరి. నా మనుమడు తెచ్చినవి ఆ 28 బిళ్ళలే. నేడు క్యూబా దీవిలో వృద్ధులు వీథి యరుగులమీద ఈ యాట ఆడుచు ప్రొద్దు పుచ్చుదురు. పెద్దలు, అరుగు, ఆట అన్నచోట్ల ఏ దేశమైనను ఒక్కటియే కదా!

పాచికకును ఈ బిళ్ళకును భేద మొకటి కలదు. పాచిక పడినదే పందెము. ముందు పడినదానితో దానికి సంబంధము లేదు. బిళ్ళ యట్లు కాదు. ముందువాడు ఏ యంకె విడిచెనో ఆ యంకెనే అందుకొనవలెను. ఇక్కడనే ఆట కథకు చుట్టమగుచున్నది.

మన పల్లెలలో కథ చెప్పు విధానమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చెప్పువాడొకడు, ఊకొట్టువాడొకడు. ఊఁ అను శబ్దము వినబడక చెప్పువాడు ముందుకు సాగడు. ఊకొట్టుట ఊరక చేయు శబ్దము కాదు. “నీవు విడిచిన కొనను నేను పట్టుకొంటిని, ఇక తరువాతిది పెట్టుము” అని దాని భావము. బేతాళుడు ప్రతి కథను ఒక ప్రశ్నతో ముగించును. విక్రమార్కుని జవాబుతో బేతాళుడు మరల చెట్టెక్కును, మరియొక కథ మొదలగును. 15వ శతాబ్దమున మన తెలంగాణపు కవి కొఱవి గోపరాజు తెనిగించిన సింహాసన ద్వాత్రింశికలో 32 బొమ్మలు ఒక్కొక్క కథతో భోజరాజును మెట్టుమీద నిలిపివేయును. చీనావారి బిళ్ళలును ముప్పదిరెండే యగుట కేవలము కాకతాళీయము. కాని చెవికి ఇంపుగా నున్నది.

అన్నిటికంటె చక్కని యుదాహరణము మన తల్లులు చెప్పిన ఏడుచేపల కథ. రాజకుమారుల చేపలలో ఒకటి ఎండలేదు. ఎందుకనగా గడ్డిమోపు అడ్డము వచ్చినది. మోపు ఎందుకున్నది? ఆవు మేయలేదు. ఆవేల మేయలేదు? పాలేరు విడువలేదు. వానికి అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వకు తీరిక లేదు, పిల్లవాడు ఏడ్చినాడు. వానిని చీమ కుట్టినది. చీమ నడిగిన, తన పుట్టలో వ్రేలు పెట్టినందుకు కుట్టితి ననెను. చూడుడు, ప్రతి జవాబునకును రెండు కొనలున్నవి. ఒక కొన వెనుకటి ప్రశ్నకు అతుకును. మరియొక కొన ముందటి ప్రశ్నకు చోటిచ్చును. ఇందులో ఒక్క మాట తీసివేసిన, నాలుగేండ్ల బిడ్డయైనను “అదేమి, ఆవు సంగతి చెప్పలేదే” అని పట్టుకొనును. కార్యమునుండి కారణమునకు మెట్టుమెట్టుగా దిగుట అను చరిత్రకారుని విద్యను మన తల్లులు ఆరుబయట మంచముమీద నేర్పిరి.

ఈ బిళ్ళలతో పిల్లలు మరియొక వేడుక చేయుదురు. వానిని దగ్గర దగ్గరగా నిలువబెట్టి మొదటిదానిని త్రోయగా వరుసయంతయు కూలును. 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఈ వేడుకనే ఉపమానముగా తీసికొని, ఇండోచైనా పడినచో దాని ప్రక్క దేశములును వరుసగా కూలునని చెప్పెను. ఆ యొక్క ఉపమానము మీద గొప్ప గొప్ప రాజ్యనిర్ణయములు నడచినవి. 1975లో వియత్నాము యుద్ధము ముగిసి, దక్షిణ వియత్నాముతోపాటు కంబోడియా, లావోసులు కమ్యూనిస్టుల వశమైనవి గాని, థాయిలాండు మొదలగు దేశములు కూలలేదు. దేశములు కొయ్యబిళ్ళలు కావు. కథ చెప్పువాడు ఉపమానమును పట్టుకొని వస్తువును విడిచినచో ఎంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది. నేనును ఆ హెచ్చరిక తలయందుంచుకొనియే మాటలాడుచున్నాను.

ఇక రెండవ నియమము. చేత లేనప్పుడు “నాచేత లేదు” అనవలెను. ఈ నియమమును నేను తప్పిన సంగతి ఒకటి చెప్పుకొనక తీరదు.

నేను పనిచేసిన యొక పల్లెలో చెరువుగట్టుమీద ఒక నిలువురాయి యుండెను. పిల్లలు దాని కథ చెప్పుమనిరి. నాకు తెలియదు. తెలియదనుటకు సిగ్గుపడితిని. ఒక రాజును, ఒక యుద్ధమును, గట్టు కాపాడి ప్రాణము విడిచిన యొక వీరుని కల్పించి రసవత్తరముగా చెప్పితిని. పిల్లలు నోళ్ళు తెరచి వినిరి, నేను సంతసించితిని. ఇరువది యేండ్ల పిదప ఆ త్రోవను పోవుచుండగా ఒక తండ్రి తన కుమారునికి ఆ రాయిని చూపి నా కథనే చెప్పుచుండెను. “ఇది మా పంతులుగారు చెప్పినారు” అని సాక్ష్యమునుగూడ చేర్చెను. నేను దగ్గరకు పోయి, అది నా కల్పన యని ఒప్పుకొంటిని. అతడు నొచ్చుకొని, “అట్లయిన అసలు కథ యేది పంతులుగారూ?” అని అడిగెను. నాకు జవాబు లేదు. నేను ఆ యూరికి చేరిన దినములలో అది తెలిసిన వృద్ధులు ఉండియుందురు; వారి నడిగిన పాపమున పోలేదు. ఇరువది యేండ్లలో వారందరును గతించిరి. నా తప్పుబిళ్ళ వరుసలో కూర్చుండుటచేత, నిజమైన బిళ్ళను వెదకవలెనను తలంపే ఎవరికిని కలుగలేదు. అబద్ధము చేయు కీడు ఇదియే. ఖాళీని ఖాళీగా విడిచినచో ఎవడో ఒకడు నింప యత్నించును. కల్పనతో పూడ్చినచో ఆ ద్వారము మూసికొనిపోవును.

మూడవ సంగతి ఈ యాటలోని వింత. ఇది గణితము, కాని వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. 28 బిళ్ళలలో ఏ యంకె యైనను సరిగా ఎనిమిది మార్లు వచ్చును. వరుస పేర్చునపుడు మూడునకు మూడు, అయిదునకు అయిదు జతగా కలియును గదా. మొత్తము బిళ్ళలను ఒక్క వరుసగా పేర్చితిమేని, వరుస మొదట ఏ యంకె యున్నదో చివరను అదే యంకె యుండును. ఎనిమిది సరిసంఖ్య, ఒక కొనన జత లేక మిగిలిన యంకెకు జత రెండవ కొననే యుండి తీరవలెను. ఇప్పుడు ఎవరికిని తెలియకుండ మూడు–అయిదు బిళ్ళను మీ అంగవస్త్రములో దాచుడు. తక్కిన 27 బిళ్ళలను వరుసగా పేర్చుమని పిల్లలకు చెప్పుడు. వారు ఏ విధముగా పేర్చినను, అన్నియు ఇమిడినచో ఒక కొనన మూడు, మరియొక కొనన అయిదు తేలును. బిళ్ళ చూడకయే దాచినది యేదో చెప్పవచ్చును. దాచిన బిళ్ళ రెండు ప్రక్కల ఒకే యంకె గలది కాకున్న చాలును. జతలు లెక్కించు ఈ యుక్తితోనే ఆయిలరు అను గణితవేత్త 1736లో, కోనిగ్స్‌బర్గు నగరపు ఏడు వంతెనలను ఒక్కొక్కమారే దాటి చుట్టివచ్చుట సాధ్యము కాదని నిరూపించెను.

పోయిన బిళ్ళ యేదియో మిగిలిన కొనలే చెప్పుననుటకు మన భాషలో మహత్తరమైన నిదర్శనము కలదు. అది ఆంధ్ర మహాభారతము.

శకుని పాచికలు పడుటచేత పాండవులు పండ్రెండేండ్లు అరణ్యములకు, ఒక యేడు అజ్ఞాతవాసమునకు పోయిరి. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరములో రాజరాజ నరేంద్రుని యాస్థానకవి నన్నయ ఆది సభాపర్వములు ముగించి, అరణ్యపర్వము కొంతవరకు తెనిగించి నిలిచిపోయెను. 13వ శతాబ్దమున నెల్లూరి తిక్కన విరాటపర్వముతో మొదలుపెట్టి తక్కిన 15 పర్వములును పూర్తి చేసెను. నడుమ అరణ్యపర్వ శేషము ఖాళీగా మిగిలినది. ఒక కొనన నన్నయ, ఒక కొనన తిక్కన. నడుమ బిళ్ళ లేదు. 14వ శతాబ్దమున అద్దంకి ప్రోలయ వేమారెడ్డి యాస్థానమునందలి ఎఱ్ఱన ఆ ఖాళీని పూరించెను.

ఎట్లు పూరించెనో చూడుడు. నన్నయ చివరి పద్యము శరత్కాలపు రాత్రులను వర్ణించును. ఎఱ్ఱన తొలి పద్యము శరత్కాలపు ఉదయములను వర్ణించును. ఒకరు రాత్రి విడిచిన కథను, మరియొకరు రెండు వందల యేండ్లకు పైబడిన పిదప తెల్లవారుజామున అందుకొనిరి. శైలియందు నన్నయతో మొదలై, క్రమముగా తిక్కన వైపు ఒరగును. అంతియే గాక తన ప్రభువు వేమారెడ్డి బ్రదికియుండగనే, ఆ భాగమును ఏనాడో గతించిన రాజరాజ నరేంద్రునకే అంకితమొనర్చి, నన్నయ రచనగనే సాగించెను. తన పేరు పైకి రావలెనని చూడలేదు. వరుస తెగకుండుటయే చూచెను. ఇంతటి వినయము అరుదు.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. మూడు–అయిదు బిళ్ళ ఆటలో ఒక్కటియే. కాని చరిత్రలో రెండు కొనలకును అతుకు బిళ్ళలు అనేకము కల్పింపవచ్చును. నా నిలువురాయి కథయు చూచుటకు చక్కగనే అతికినది. ఎఱ్ఱన కేవలము కొనలు చూచి కల్పింపలేదు. ఆయన యెదుట వ్యాసుని మూలమున్నది. కొనలు అతుకుటయు కావలెను, మూలమును కావలెను. రెండును కూడినప్పుడే అది నిజమైన బిళ్ళ.

ఇక మన యింటి సంగతికి వచ్చెదను. మా బోరంచ మంజీర తీరపు గ్రామము. నల్లపోచమ్మ తల్లి గుడికి తెలుగు, కన్నడము, మరాఠీ మాటలాడు వారందరును వచ్చుదురు. మంజీర మరాఠ్వాడ కొండలలో పుట్టి, కన్నడసీమ నొరసికొని, మనయొద్దకు వచ్చి గోదావరిలో కలియును. నదికి లేని ఎల్లలు మనుష్యులకు కలవు.

కొలది కాలము క్రిందట మా వైపున ఒక యువకుడు ఇంటి పాత పెట్టెలో దొరికిన యొక కాగితమును తెచ్చెను. అది ఉర్దూలో నున్నది. ఉర్దూ చదువగల పెద్ద ఒకరు దానిని చదివి, “తాలూకా నారాయణఖేడు, జిల్లా బీదరు” అని చెప్పిరి. యువకుడు తెల్లబోయెను. అతని చేతనున్న పట్టాపుస్తకములో సంగారెడ్డి జిల్లా యని యున్నది. “మా తాతలు కర్ణాటకమువారా? అక్కడ మాకు భూమి కలదా?” అని యడిగెను. ఒక కొనన బీదరు, మరియొక కొనన సంగారెడ్డి. నడుమ బిళ్ళ లేదు.

ఆ బిళ్ళ అరుగుమీది పెద్దలయొద్ద దొరికినది. పూర్వము హైదరాబాదు సంస్థానములో నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిది. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసినది. 1956 నవంబరు 1వ తేదీన భాషలనుబట్టి రాష్ట్రములను విభజించినపుడు బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. అదియే 1973లో కర్ణాటక యైనది. నారాయణఖేడు తాలూకా ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో చేరినది. 2014 జూను 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి వేరు జిల్లా యైనది. బీదరు–మెదకు ఒక బిళ్ళ. మెదకు–సంగారెడ్డి ఒక బిళ్ళ. యువకుని తాతలు కదలలేదు, భూమి కదలలేదు, ఎల్ల కదలినది. ఇది పెట్టిన పిదప అరుగుమీది పెద్దలు ఒక్కొక్కరుగా తమ బిళ్ళలు తీయసాగిరి. ఎల్ల కావలి యూరిలో ఇచ్చిన ఆడుబిడ్డల సంగతి యొకరు, బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన దినము యొకరు, కచ్చేరి పనికి బండి కట్టుకొని పోయిన త్రోవ యొకరు చెప్పిరి. ఇవి యేవియు అచ్చుపుస్తకములలో నేను చదివినవి కావు. 35 సంవత్సరములు చరిత్ర చెప్పినవాడను నేను, వారి నడుమ ఊకొట్టుచు కూర్చుంటిని.

1956 నాటికి బుద్ధి తెలిసిన వయస్సువారు నేడు ఎనుబదికి దాపుననో, దాటియో యున్నారు. వారి చేతులలోని బిళ్ళలు వారితోనే పోవును. కొనలు మాత్రము మిగులును, కాగితములు మిగులును, మనుమలు ప్రశ్నింతురు. అప్పుడు నావంటి పంతులొకడు సిగ్గుపడి ఒక వీరుని కల్పించును. అట్లు కాకుండుటకు మార్గము మీ చేతనే యున్నది.

కావున పెద్దలకు నా మనవి. ఇంట ఒక నోటుపుస్తకము పెట్టుడు. చూచినదానిని “చూచితిని” అని, విన్నదానిని “ఫలానావారు చెప్పగా వింటిని” అని వేరు వేరుగా వ్రాయుడు, లేదా వ్రాయించుడు. సంవత్సరము తెలిసిన సంవత్సరము వేయుడు; తెలియకున్న, “పెద్దకరువునాడు”, “మా నడిపివాడు పుట్టిన యేడు” అని గురుతు వేయుడు. తెలియనిచోట పంక్తి ఖాళీగా విడిచి, “నాచేత లేదు” అని వ్రాయుడు. ఆ మాట వ్రాయుటకు సిగ్గుపడవలదు. రేపు మరియొక యింట ఆ బిళ్ళ దొరకవచ్చును; మీరు విడిచిన ఖాళీయే దాని చోటును చూపును.

సెలవులు ముగిసి నా మనుమడు పట్టణమునకు పోవునపుడు ఆ పెట్టెను మాకే విడిచిపోయెను. చూపులేని పెద్దాయన మొన్న సాయంకాలము ఒక బిళ్ళను వ్రేలితో తడవుచు, “పంతులూ, ఆ నిలువురాయి యున్న ఊరివాడు మా బావమరిది యొకడు బ్రదికియున్నాడు. తొంబది దాటినవి. పోయి యడుగుదమా?” అనిరి. వచ్చు సోమవారము బయలుదేరుచున్నాము.